ఏ తీపో తెలియని మనిషి

ఆయన పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. మెల్‌బోర్న్ తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరో ఫొటో పెట్టి, గుండెపోటు అని రాశారు. కింద వరసగా నలభై యాభై జతల దండాలు. ఆ ఫొటోకి పైన ఒకాయన పాత సోఫా అమ్ముతానంటున్నాడు, కింద ఒకావిడ సోనామసూరి బస్తా ఏ కొట్లో మంచిది దొరుకుతుందని అడుగుతోంది. నేను ఆఫీసులో ఉన్నాను. ప్రింటరు మొరాయిస్తోందంటే వెళ్ళి దాని ముందు కూర్చున్నాను. ఫోన్ చూశాను, నేనూ ఒక జత దండాలు పెట్టాను, మళ్ళీ ప్రింటరు మూత తీశాను. ఇరుక్కున్న కాయితం బయటికొచ్చింది. ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించడం లేదేమిటని కూడా అనిపించలేదు.

ఆయన పేరు రాయను. ఆయన బతికున్నన్నాళ్ళూ దాచిన సంగతి ఒకటి ఇందులో బయటపెడుతున్నాను కాబట్టి పేరైనా దాచడం మర్యాద. నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవారు. చుట్టరికం ఏమీ లేదు. ఆయనది తణుకు వైపు, మాది నరసరావుపేట. సోమవారం పొద్దున రైల్లో తప్ప ఆయన్ని ఇంకెక్కడా చూసి ఎరగను. పెళ్ళిలో, గుళ్ళో, బార్బెక్యూ విందులో ఎక్కడా కలవలేదు. మా పరిచయమంతా రెండున్నర గంటల ప్రయాణం, ఒక టిఫిన్ డబ్బా, మేపుల్ సిరప్.

నేను ఉండేది మెల్‌బోర్న్ శివార్లలో, క్రెయిగీబర్న్‌లో. ఉద్యోగం వాంగరట్టా అనే చిన్న ఊళ్ళో, కౌన్సిల్ ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే పని. సోమవారం వెళ్ళి గురువారం తిరిగొచ్చేదాన్ని. ఆ రైలు మా ఇంటి వెనక నుంచే పోతుంది గాని మా స్టేషన్లో ఆగదు. ఎక్కాలంటే వెనక్కి బ్రాడ్‌మెడోస్ దాకా పోవాలి. అక్కడ ఎక్కి కూర్చున్న కాసేపటికి కిటికీలోంచి మా ఇంటి కప్పు కనిపించేది. ప్రతి వారం దాన్ని చూసి ఒళ్ళు మండేది. ఆయన నగరానికి ఇంకో పక్కనున్న వెర్రిబీ నుంచి వచ్చి, రైలు బయల్దేరే సదరన్ క్రాస్‌లోనే ఎక్కి, నేను వచ్చేసరికి ఎదురెదురు సీట్లలో ఒకటి ఆక్రమించి, ఒళ్ళో కూరగాయలు తరిగే చెక్క పెట్టుకుని ఉండేవారు. అదే ఆయన బల్ల. వంటవాళ్ళు కత్తి లేకుండా ఎక్కడికీ వెళ్ళరంటారు, ఈయన చెక్క లేకుండా వెళ్ళేవారు కాదు.

మొదటి రోజు నేను ఫోన్లో మా ఆయన్ని కేకలేస్తున్నాను, చెత్త బిన్ను బయట పెట్టడం మర్చిపోయాడని. ఫోన్ పెట్టేశాక ఎదురుగా గొంతు వినిపించింది.

“ఆదివారమే పెట్టించేయాలమ్మా. సోమవారం పొద్దున మగాళ్ళకి బిన్ను గుర్తుండదు, పెళ్ళాం ఊరెళ్తోందన్న సంతోషంలో ఉంటారు.”

చూస్తే పొట్టి మనిషి, నలభై మూడు నలభై నాలుగేళ్ళుంటాయి. మనిషికి మించిన పెద్ద చేతులు, ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలు. డబ్బా మూత మీద ఒక రొట్టె ముక్క పెట్టి నా వైపు జరిపారు. దిబ్బరొట్టె, పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా. దాని మీద చిన్న సీసాలోంచి ఏదో పోయబోతే ఆపాను.

“ఏంటండీ అది?”

“మేపుల్ సిరప్. కెనడాలో చెట్టు నుంచి తీసే పాకం.”

“రొట్టె మీద తీపా? మా పల్నాడులో అయితే కొడతారు.”

“అందుకేనమ్మా మీ నోళ్ళు అలా ఉంటాయి,” అని పోసేశారు.

నాకు నచ్చలేదు. కాలిన చెక్క నానబెట్టిన నీళ్ళలో పంచదార కలిపినట్టుందని చెప్పాను. మొహమాటం లేకుండా చెప్పానని తర్వాత సిగ్గుపడ్డాను గాని, ఆయన మొహం వెలిగిపోయింది. “ఇంకోసారి చెప్పమ్మా, ఎలా ఉందన్నావ్?” అని అడిగి, నేను చెప్పిన మాటల్నే రెండుసార్లు పెదాలతో అనుకున్నారు. కాస్త తేడా మనిషి అనుకున్నాను.

నా మాటల్ని అలా ఎందుకు వల్లించుకున్నారో నాలుగో సోమవారానికి తెలిసింది. సీమోర్ దాటాక బ్రేకులు పట్టేసి బోగీ అంతా రబ్బరు కాలిన కంపు. ముందు సీట్లో ముసలాయన టోపీ తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఒకమ్మాయి దగ్గుతూ పక్క బోగీలోకి పోయింది. ఈయన మాత్రం హాయిగా రొట్టె నములుతున్నారు.

“ఏమైందమ్మా, అందరూ ముక్కులు మూసుకుంటన్నారు?”

“మీకు వాసన రావట్లేదా అన్నయ్యా?”

ఆయన నమలడం ఆపారు. తెలుగు వచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశారు. తర్వాత గొంతు తగ్గించి చెప్పారు. “ఏడాదైంది. జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, దాంతోపాటే ముక్కూ పోయింది. తీపి తెలుస్తది, ఉప్పు తెలుస్తది, పులుపు తెలుస్తది. ఏ తీపో మాత్రం తెలీదు. బెల్లం, తేనె, ఇది, అన్నీ నాకు ఒకటే తీపి.”

“డాక్టరేమన్నాడు?”

“వస్తే వస్తదన్నాడు.”

ఇంకొకరెవరైనా అయితే ఇదో చిన్న దురదృష్టం. ఈయన వంటవాడు. వాంగరట్టాలో ఒక కేఫ్ ఉండేది, పొద్దుటి టిఫిన్లకి పేరు. దాని ఓనరు డెబ్బై ఏళ్ళ పెద్దావిడ. పోయిన ఆమె భర్త కెనడావాడట. ఆయన జ్ఞాపకంగా ఆ కేఫ్‌లో పాన్‌కేక్ మీద అసలైన మేపుల్ తప్ప వేరేది పోయరు. మేపుల్ ఫ్లేవర్ అని రాసి ఉన్న సీసా కనిపిస్తే ఆవిడ చెత్తబుట్టలో వేసేదట. ఆ సిరప్‌ని వెన్నతో, నారింజ తొక్కతో కలిపి కాచి, వారానికి సరిపడా నిలవ చెయ్యడం ఈయన పని. కేఫ్‌కి సోమవారం సెలవు కాబట్టి ఆ తయారీలన్నీ ఆ రోజే. ఈయన వీసా ఆవిడ స్పాన్సర్‌షిప్ మీద ఉంది. ఇంకో ఎనిమిది నెలలు ఆ వంటింట్లోనే పనిచేస్తే ఆవిడ పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే హక్కుకి, రాస్తుంది. ఆ లోపల ముక్కు సంగతి తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో వీసా, వీసాతో వెర్రిబీలో పిల్లల బడి, అద్దె ఇల్లు, అన్నీ పోతాయి. ఇంకో చోట మొదలు పెడదామంటే నలభై అయిదు దాటితే అప్పటి నిబంధనల్లో ఆ దారి మూసేసినట్టే.

“అందుకని చెల్లెమ్మా, ఇది నీకూ నాకూ మధ్యనే ఉండాలి. నీ నాలుక నాకు అరువు కావాలి,” అన్నారు.

నేను సరేనన్నాను. అంత పెద్ద సంగతి అని అప్పుడు అనుకోలేదు. రైల్లో ఎలాగూ టిఫిన్ తినాలి.

ఆ రోజు నుంచి ప్రతి సోమవారం ఒకటే తంతు. ఆదివారం సాయంత్రం కేఫ్‌లోంచి ఇంటికి బయల్దేరేటప్పుడు, మర్నాడు వాడాల్సిన డబ్బాల్లోంచి తలా కాస్త చిన్న సీసాల్లోకి తీసుకొచ్చేవారు. రెండు, ఒక్కోసారి మూడు. వాటిలో నేను సరేనన్నదే ఆ రోజు కాచేవారు. సీసాల మీద టేపు అంటించి నంబర్లు. చెక్క మీద రొట్టె ముక్కలు వరసగా పెట్టి, ఒక్కో ముక్క మీద ఒక్కో సిరప్ పోసేవారు. రొట్టెతోనే ఎందుకని అడిగాను. “రొట్టె నోరు మూసుకుని కూచుంటది. మాట్లాడేది సిరప్పే,” అన్నారు. రొట్టె వదిన చేసి పంపేది. ముందు మంచినీళ్ళు తాగించేవారు. నేను తింటున్నంతసేపూ మాట్లాడనిచ్చేవారు కాదు. తిన్నాక ఎలా ఉందని అడిగేవారు.

“బాగుంది” అంటే ఒప్పుకోరు.

“బాగుంది అనేది పెళ్ళిలో చేతులు కడుక్కుంటా చెప్పే మాటమ్మా. నాకది పనికిరాదు. దేనిలా ఉందో చెప్పు.”

“ఇంట్లో వదినతో చూపించొచ్చుగా, నాకెందుకీ పరీక్షలు?”

“మీ వదినకి నేనేం పెట్టినా బాగుంటది. పదిహేనేళ్ళ నుంచీ అదే మాట. పిల్లల్ని అడిగితే యమ్మీ అంటారు. ఆ ఇంట్లో అబద్ధం చెప్పనిది కుక్కర్ ఒక్కటే.”

కాబట్టి నేను చెప్పేదాన్ని. ఒకటి వేయించిన సెనగపప్పు డబ్బా మూత తీసినట్టుందని. ఒకటి తాటిబెల్లం అడుగంటినట్టుందని. ఇంకొకటి మొదట ఏమీ ఉండదు, మింగాక కొత్త చీపురు వాసన వస్తుందని. ఆయన ప్రతి మాటనీ రెండేసి సార్లు అనుకుని గుర్తు పెట్టుకునేవారు. కాయితం మీద ఎప్పుడూ రాసుకోలేదు, ఎవరైనా చూస్తారని భయం. చెరుకు పానకంతో పోల్చబోతే మాత్రం ఊరుకునేవారు కాదు. “పానకం పానకమే, దీన్ని దాంతో పోలిస్తే ఇద్దరికీ మర్యాద కాదు,” అనేవారు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, నా సెనగపప్పులూ చీపుర్లూ ఆయన నోట్లో ఇంగ్లీషులోకి మారి ఆ కేఫ్‌లో చాలా పేరు తెచ్చుకున్నాయి. ఈ వారం మేపుల్‌లో వేయించిన పప్పు వాసన ఉందని, చివర్లో గడ్డి పరిమళమని ఆయన చెబితే పెద్దావిడ మురిసిపోయి బయట పలక మీద సుద్దముక్కతో రాసేదట. ఒకసారి మా ఆఫీసులో ఒకామె ఆ కేఫ్ గురించి చెబుతూ, అక్కడ ఇండియన్ షెఫ్ ఒకడున్నాడు, అలాంటి నాలుక ఈ జిల్లాలో ఇంకొకడికి లేదంది. నేను కీబోర్డు తుడుస్తూ అవునా అన్నాను.

మిగతా వంటంతా ఆయన కంటితో, చెవితో లాక్కొచ్చేవారు. వెన్న కాగేటప్పుడు చిటపట ఆగిపోతుంది, ఆగాక ఏడు లెక్కపెట్టి దించుతానని చెప్పేవారు. గ్యాసు కట్టానా లేదా అని మూడుసార్లు వెనక్కెళ్ళి చూసుకునేవారట. తిరిగొచ్చిన ప్లేట్లు చూసి మనుషుల్ని చెప్పగలరు. ఆయన దృష్టిలో మనుషులు రెండు రకాలు, పోసుకునేవాళ్ళు, ముంచుకునేవాళ్ళు. సిరప్ అంతా ఒకేసారి పాన్‌కేక్ మీద పోసేసేవాళ్ళు కోపం దాచుకోరు, వాళ్ళతో ఇబ్బంది లేదు. పక్కన గిన్నెలో పెట్టించుకుని ముక్కముక్కా ముంచుకునేవాళ్ళు దేన్నీ మర్చిపోరు. “నువ్వు ముంచుకునే రకం, చెల్లెమ్మా,” అన్నారు. అది పొగడ్తో తిట్టో నేను అడగలేదు.

ఆయన అలవాటు ఒకటి నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుని, కప్పు ముక్కు దాకా తీసుకెళ్ళేవారు, ఇదివరకటి అలవాటు కొద్దీ. సగంలో గుర్తొచ్చేది. కప్పు అక్కడే గాల్లో ఒక్క క్షణం ఆగేది. అప్పుడు దాన్ని కిందికి దించి, మందు తాగినట్టు గుటకలో తాగేసేవారు. ప్రతి వారం అదే. చూడనట్టు కిటికీ వైపు తిరగడం నా అలవాటైంది.

అలా అయిదు నెలలు గడిచాయి. చలికాలం వచ్చింది. ఆ రోజుల్లో నాకు నెల తప్పింది. మా ఇళ్ళల్లో అయిదో నెల దాకా బయటికి చెప్పరు, దిష్టి తగులుతుందని. నేను చదువుకున్నదాన్ని, నమ్మను, అయినా చెప్పలేదు. మా ఆయనకి తప్ప ఒక్క పురుగుకి కూడా తెలియదు. మా అమ్మకీ చెప్పలేదు. వాసనలు మాత్రం నా ప్రాణం తోడేశాయి. ఆఫీసులో ఎవరో మూడు గదుల అవతల అరటిపండు తింటే తెలిసేది. సిరప్ సీసా మూత తియ్యకముందే ఇందులో కాస్త పొగ ఉందని చెప్పేదాన్ని.

“ఈమధ్య నీ ముక్కు మా బాగా పనిచేస్తందమ్మా,” అన్నారు ఒక సోమవారం.

“మీ సావాసం,” అన్నాను.

ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ వారమే కాబోలు, టాయిలెట్ పక్క సీటు మనకొద్దు, అక్కడ ఎండ పడుతోందని చెప్పి బోగీ మధ్యకి మార్చారు. బయట మబ్బు పట్టి ఉంది. పెద్దవాళ్ళ చాదస్తం అనుకున్నాను.

తర్వాత ఒక శుక్రవారం ఆ గర్భం పోయింది. హాస్పిటల్లో నాలుగు గంటలు కూర్చోబెట్టి, పరీక్ష చేసి, మంచి మాటలు చెప్పి, ఒక కరపత్రం ఇచ్చి పంపేశారు. శనివారం పడుకున్నాను. ఆదివారం బట్టలుతికాను. చెప్పని సంగతి పోతే, పోయిందని చెప్పడానికి కూడా ఎవరూ ఉండరు. సెలవు పెట్టాలంటే కారణం రాయాలి, కారణం రాయాలంటే ముందు అది ఉన్నట్టు తెలియాలి. అందుకని సోమవారం మామూలుగానే రైలెక్కాను.

ఎదురు సీటు, చెక్క, మూడు సీసాలు. మంచినీళ్ళు తాగాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఏమీ రాలేదు. తీపి ఉంది, అంతే. రెండోది, మూడోది. తడి అట్టముక్కకి పంచదార రాసి నమిలినట్టుంది. నోరు కదులుతోందని తెలుస్తోంది, తింటున్నది నేనేనా అన్నంత దూరంగా ఉంది. ఆయన నా వైపు చూస్తున్నారు.

“చెప్పమ్మా.”

“అన్నీ బాగున్నాయి.”

తిడతారనుకున్నాను. తిడితే మళ్ళీ చూసేదాన్నేమో. ఆయన తిట్టలేదు. కాసేపు నా మొహం చూసి, “సరేలే చెల్లెమ్మా,” అని మూడు సీసాల మూతలు బిగించి సంచిలో పెట్టుకున్నారు. కోటు తీసి పక్క సీటు మీద మడిచి పెట్టి, “తల ఆన్చుకో, బెనాల్లా దాటాక లేపుతా,” అన్నారు. నేను నిద్రపోలేదు గాని కళ్ళు మూసుకున్నాను.

తర్వాతి సోమవారం ఆయన రాలేదు. ఆ పై వారం వచ్చారు. చెక్క లేదు, డబ్బా లేదు, ఖాళీ సూట్‌కేసు ఒకటి ఉంది. వాంగరట్టాలో వారమంతా ఉండే గదిలోని సామాను తెచ్చుకోవడానికి వెళ్తున్నానన్నారు.

జరిగింది పావుగంటలో చెప్పారు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. డబ్బాల్లో ఒకటి ముక్కిపోయింది. మేపుల్‌కి లోపల బూజు పడుతుందట, పైకి తేలకపోతే కంటికి కనిపించదు, మరగబెట్టినా ఆ ముక్క వాసన పోదు. దానితోనే వారం మొత్తానికీ కాచారు. మంగళవారం పొద్దున ఒక బస్సు నిండా రిటైరైనవాళ్ళు వచ్చారు. ప్లేట్లు పెట్టినవి పెట్టినట్టే వెనక్కొచ్చాయి. పెద్దావిడ వంటింట్లోకి వచ్చి వేలితో కాస్త నాకి, అదే గిన్నె ఆయనకిచ్చింది. “ఇది రుచి చూశావా, లవ్?” అని, అందర్నీ పిలిచే పిలుపుతోనే అడిగింది. ఆయన ఆవిడ ముందే రుచి చూసి, బాగుందన్నారు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. కేకలెయ్యలేదు. సాయంత్రం కూర్చోబెట్టి మాట్లాడింది. తన భర్త పేరు మీద పెట్టుకున్న కేఫ్ అని, అదైనా సర్దుకుంటానని, గ్యాసు లీకైతే తెలియని మనిషిని మాత్రం పొయ్యి దగ్గర పెట్టలేనని చెప్పి ఏడ్చిందట. ఈయనే ఆవిడకి మంచినీళ్ళిచ్చారు.

“మూడు సీసాల్లో ఒకటా?” అన్నాను.

“అబ్బే, కాదమ్మా. నీకు చూపించినవి కాదు. వెనక షెల్ఫులో ఇంకో డబ్బా ఉంది, పొరపాటున అది తీశాను. తప్పు నాదే.”

అబద్ధమని నాకు తెలుసు. అంత జాగ్రత్తపరుడు చూపించని డబ్బా తెరవడు. కాని నమ్మడం సుఖంగా ఉంది, నమ్మాను. వాంగరట్టాలో దిగాక ఆయన ఎడమవైపు, నేను కుడివైపు. జాగ్రత్తమ్మా అన్నారు. మీరు కూడా అన్నాను.

తర్వాత రెండు మూడు సార్లు ఫోన్లో మాట్లాడుకున్నాం. ఇంకో స్పాన్సర్ దొరికేలోపల ఆయనకి నలభై అయిదు వచ్చేశాయి. వదిన అప్పటికే మొదలుపెట్టిన నర్సింగ్ చదువు ముగించి ఆసుపత్రిలో చేరింది, ఆవిడ వీసా మీద ఈయన ఉన్నారు. ఒక షాపింగ్ సెంటర్లో ట్రాలీలు పోగుచేసి తోసే పని దొరికిందని చెప్పారు. దానికి ముక్కుతో పనిలేదన్నారు. నేను నవ్వాను, ఆయన నవ్వారు. ఆ తర్వాత నేను ఫోన్ చెయ్యలేదు. ఏ ముఖం పెట్టుకుని చేస్తాను. మూడేళ్ళైంది.

దండాల బొమ్మ పెట్టిన తర్వాత పదకొండు రోజులు మామూలుగానే తిరిగాను. పన్నెండో రోజు కారు తీసుకుని వెర్రిబీ వెళ్ళాను. పరామర్శకి కాదు, చెప్పుకోవడానికి వెళ్ళాను. ఆయన ఉండగా చెప్పలేకపోయిన తప్పు ఆవిడకైనా చెబితే, ఆవిడ నాలుగు తిడితే, ఈ మొద్దుబారినతనం వదులుతుందేమోనని ఆశ. నా మటుకు నాకు ఆ తిట్లు కావాలి.

హాలు నిండా జనం. వదిన వంటింట్లో ఒక్కతే కాఫీ కప్పులు తుడుస్తోంది. నేను ఆవిడని చూడటం అదే మొదటిసారి. నేను ఫలానా అని చెప్పబోతే, “తెలుసమ్మా, సోమవారం చెల్లెమ్మవి,” అంది.

నిలబడే చెప్పేశాను. “వదినా, ఆ రోజు నేను నోట్లో పెట్టుకున్నాను గాని చూడలేదు. మూడూ బాగున్నాయని చెప్పేశాను. ఆ ముక్కిపోయింది వాటిలోనే ఉంది. అన్నయ్య ఉద్యోగం పోయింది నా వల్ల.”

ఆవిడ తుడుస్తున్న కప్పు కింద పెట్టింది.

“ఆయనకి తెలుసమ్మా.”

ఆవిడ చేతులు తుడుచుకుని చెప్పింది.

“ఆ రోజు రైలు దిగాక నాకు ఫోన్ చేశారు. ‘ఆ పిల్లకి నిలవలేదే’ అన్నారు. నెలన్నర నుంచీ అంటానే ఉన్నారు, చెల్లెమ్మకి నెల తప్పినట్టుంది, మన పెద్దాడప్పుడు నీకూ ఇలాగే ప్రతి వాసనా తగిలేది అని. నువ్వు చెప్పలేదు కాబట్టి అడగలేదు. ఆ రోజు నీ మొహం చూడగానే తెలిసిపోయిందంట. మరి ఇంకోసారి రుచి చూడమనకపోయారా, ఉద్యోగం సంగతి కదా అన్నాను నేను. ‘ఎలా అంటానే? మళ్ళీ నోట్లో పెట్టుకోమంటే ఆ పిల్ల అక్కడే కూలిపోయేటట్టుంది. బాగున్నాయంది, సరే అన్నాను’ అన్నారు.”

“ఆ డబ్బాలు వాడకుండా ఉండాల్సింది,” అన్నాను.

“ఏదో ఒకటి వాడాలి కదమ్మా. మర్నాటికి కావాలి. చూస్తే మూడూ ఒకేలా ఉన్నాయంట.”

హాల్లో ఎవరో ఫ్యాన్ వెయ్యమంటున్నారు. వదిన నా దగ్గరికి వచ్చింది.

“ఎన్నో నెలమ్మా అప్పుడు?”

“మూడు. పదకొండు వారాలు,” అన్నాను. నా నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి. మా ఆయనతో కూడా అంకెతో ఎప్పుడూ అనలేదు.

వదిన వెళ్ళి వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసింది.

“ఏడు తల్లీ. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఆయన కోసం అనుకుంటారు.”

ఏడ్చాను. చాలాసేపు, గట్టిగానే. హాల్లో ఉన్నవాళ్ళు అలాగే అనుకున్నారు.